వాసన పేరు కాదు, వాసన వచ్చిన వేళ చెప్పండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2016 నాటి డీజిల్ కారు, ఆరు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఏసీ వేసుకుని పావుగంట నడిపాక లోపల తియ్యటి వాసన వస్తోంది, బెల్లం పాకం పట్టినట్టు. పోయిన నెల కుటుంబంతో శ్రీశైలం వెళ్లినప్పుడు దోర్నాల దాటాక ఘాట్‌లో ఏదో కాలుతున్న వాసన వచ్చింది, కాసేపటికి పోయింది. ముగ్గురు మెకానిక్‌లు మూడు మాటలు చెప్పారు. ఒకరు ఏసీ గ్యాస్ లీకు అన్నారు, ఒకరు క్లచ్ ప్లేటు మార్చాలన్నారు, మూడో ఆయన పెర్‌ఫ్యూమ్ సీసా ఇచ్చి పంపారు. ఏ వాసన దేనికి గుర్తో ఒక పట్టిక రాసిమ్మని అడుగుతున్నారు.

పట్టిక ఇవ్వను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లుగా బానెట్లు ఎత్తుతున్నాను. "కాలిన వాసన" అనే ఒక్క మాటతో నా దగ్గరికి వచ్చిన బండ్లలో క్లచ్ పోయినవి ఉన్నాయి, ఆయిల్ కారుతున్నవి ఉన్నాయి, సైలెన్సర్‌కు పాలిథిన్ సంచి అంటుకుని కరిగినవీ ఉన్నాయి. వాసనకు పేరు పెట్టడంలో ఎవరి ముక్కు వారిదే. భర్తకు వెల్లుల్లి అనిపించింది భార్యకు ఇంగువ అనిపిస్తుంది. కానీ ఎప్పుడు వచ్చింది, బండిలో ఎక్కడ ఎక్కువగా ఉంది, ఏం చేస్తే పెరిగింది, ఏం చేస్తే తగ్గింది అని అడిగితే ఇద్దరూ ఒకటే చెబుతారు. నాకు కావలసింది ఆ సమాధానం.

మొదట ఆ పెర్‌ఫ్యూమ్ సీసా తీసి ఇంట్లో పెట్టండి. తల నొప్పి పుడుతుందని కాదు, అది అసలు సాక్ష్యాన్ని కప్పేస్తుంది కాబట్టి. ఇంకో సంగతి: రోజూ అదే బండిలో కూర్చునే వారి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. పది నిమిషాల తరువాత ఉన్న వాసన కూడా లేనట్టే ఉంటుంది. అందుకే రాత్రంతా అద్దాలు మూసి ఉంచి, ఉదయం మీ బండి ఎప్పుడూ ఎక్కని పక్కింటి వారి చేత తలుపు తెరిపించండి. వారి మొదటి మాట రాసిపెట్టుకోండి.

ఇక తియ్యటి వాసన. ఏసీ గ్యాస్ అన్న మాట నేను నమ్మను. మీ బండిలో వాడే గ్యాస్‌కు దాదాపు వాసన ఉండదు. అది కారిపోతే ముందు చల్లదనం తగ్గాలి, మీకు అది తగ్గలేదని మీరే రాశారు. నా అనుమానం హీటర్ కోర్ మీద. "మన ఎండల్లో హీటర్ ఎవరు వేశారు?" అంటారు. వేయకపోయినా అది ఉంది. డ్యాష్‌బోర్డు వెనక, ఏసీ కూలింగ్ కాయిల్ ఉన్న పెట్టెలోనే చిన్న రేడియేటర్‌లా కూర్చుని ఉంటుంది. చాలా బండ్లలో మీరు మీట చల్లటి వైపు తిప్పినా ఇంజిన్ నుంచి వచ్చే వేడి కూలంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, దాని గుండా తిరుగుతూనే ఉంటుంది. మీట ఆపేది గాలిని మాత్రమే, నీటిని కాదు. ఆ కోర్‌లో సూదిమొన అంత చిల్లు పడినా కూలంట్ ఆవిరై బ్లోయర్ గాలితో మీ ముఖానికి వస్తుంది. కూలంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌దే ఆ తియ్యదనం. ఇంజిన్ వేడెక్కాకే వస్తుంది కాబట్టి మీ పావుగంట లెక్క దీనికి చక్కగా సరిపోతుంది.

తేల్చుకోవడానికి ఖర్చేమీ అక్కరలేదు. ముందు సీటు ఎడమ వైపు, కాళ్లు పెట్టుకునే చోట రబ్బరు మ్యాట్ తీసి కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. చాలా బండ్లలో తడి ముందు అక్కడే చేరుతుంది. తడిగా ఉంటే తెల్ల కాగితంతో అద్దండి. రంగు లేకుండా, జిగురు లేకుండా ఉంటే అది ఏసీ నీళ్లు, డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, ఊది శుభ్రం చేస్తే సరి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి వేళ్లకు జిడ్డుగా అంటితే కూలంట్. ముందు అద్దం లోపలి వైపు కూడా చూడండి. గుడ్డతో తుడిచినా మళ్లీ మళ్లీ నూనె పొరలాంటి మసక పడుతోందా? అదీ గుర్తే. చివరగా, బండి బాగా వేడెక్కాక మీట పూర్తిగా వేడి వైపు తిప్పి బ్లోయర్ పెంచి అయిదు నిమిషాలు కూర్చోండి. మే నెలలో ఇది చిన్న శిక్షే, కానీ వాసన ఒక్కసారిగా పెరిగితే ఇక సందేహం అక్కరలేదు.

కోర్ మార్చాలంటే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. రోజంతా పని, కూలి ఎక్కువ. అందుకే మన వైపు చాలామంది ఇంజిన్ గదిలోనే ఆ రెండు పైపులనూ కలిపేసి కోర్‌ను పక్కన పెట్టేస్తారు. తప్పు అనను, నేనూ చేశాను. అయితే అలా చేశాక వేడి గాలి రాదు. శీతాకాలంలో అరకు, లంబసింగి వైపు వెళ్లేటప్పుడు అద్దం మీద మంచు తుడుచుకోవడానికి ఇబ్బంది పడతారు. ఆ సంగతి చెప్పి చేసేవాడు మంచి మెకానిక్, చెప్పకుండా చేసేవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

లోపల కాకుండా బానెట్ దగ్గర మాత్రమే తీపి వాసన వస్తే రేడియేటర్, పైపులు, క్లిప్పులు చూడాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ పై భాగం అతుకులో ఉండే హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం పెట్టుకోండి. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే అడుగున పాలు కలిపిన కాఫీ రంగు మీగడ కనిపించవచ్చు. అప్పుడు బండి నడపకండి, తాడు కట్టించి తెప్పించండి. మరొకటి, ఎంత తొందరలో ఉన్నా వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. నీళ్లు, కూలంట్ చెరిసగం కలిపితే మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడి పెంచితే 120 దాటినా మరగదు. మూత తీసిన క్షణం ఒత్తిడి పోతుంది, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. మా షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రవాడికీ నేను చెప్పే మొదటి పాఠం ఇదే. కింద కారిన కూలంట్‌ను కడిగేయండి కూడా. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం, పిల్లలకూ విషమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కూలంట్ ఖర్చెందుకని పాత యజమాని కుళాయి నీళ్లు పోసి ఉంటే ఈ తియ్యటి హెచ్చరికే ఉండేది కాదు. లోపల తుప్పు పట్టి, నీళ్లు మరిగి, వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటాకే మీకు తెలిసేది. ఆ లెక్కన మీకు బండి అమ్మినాయన మరీ చెడ్డవాడు కాదు.

శ్రీశైలం సంగతికి వద్దాం. మీరు రాయనిది ఒకటే: ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఘాట్‌లో ఎక్కేటప్పుడు ముందు లారీ వెనక చిక్కుకుని, కాలు క్లచ్ మీద సగం ఆనించి బండిని నిలబెట్టుకుంటూ పోతే క్లచ్ ప్లేటు వేడెక్కుతుంది. పాత కాగితాల కట్ట నిప్పు పడి రాజుకున్నట్టు ఉంటుంది ఆ వాసన. ఒక్కసారి వచ్చి పోయినంత మాత్రాన ప్లేటు పోయినట్టు కాదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై, యాభై వేగంతో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది, మార్చాలి. రెండూ కలిసి పెరిగితే మీ క్లచ్ బాగానే ఉంది, మార్చాల్సింది కాలి అలవాటు.

దిగేటప్పుడు వచ్చిందంటే బ్రేకులు. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగమని నాకు పని నేర్పిన మేస్త్రి చెప్పేవారు. తిరుమల కొండ మీద అయితే ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దిగే దారి 1944లో వేసిన పాతది, ఎక్కేది 1974లో వచ్చింది. అయినా మాట అదే: మూడో గేరు కన్నా పైకి వెళ్లకుండా ఇంజిన్‌నే బ్రేకుగా వాడాలి. న్యూట్రల్‌లో వదిలి డీజిల్ ఆదా చేద్దామనుకునేవారు ఆదా చేసేది ఏమీ లేదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే నేటి ఇంజిన్లు ఇంధనం చిమ్మడమే మానేస్తాయి.

వాసన వస్తే ఆగి, దిగి, నాలుగు చక్రాల చుట్టూ తిరగండి. ముట్టుకోవద్దు, అరచేతి వెనక వైపు చక్రానికి జానెడు దూరంలో పెట్టి వేడి చూడండి. ముందు రెండూ ఒకేలా వేడిగా ఉంటే బ్రేకు ఎక్కువ వాడారన్నమాట. ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే దాని కాలిపర్ పట్టేసింది. అది ఘాట్ తప్పు కాదు, చదునైన రోడ్డు మీద కూడా మళ్లీ వస్తుంది. వెనక చక్రాలు వేడిగా ఉంటే హ్యాండ్ బ్రేకు సగం లాగి ఉందేమో చూసుకోండి, నవ్వకండి, నెలకొక బండి అలా వస్తుంది. వేడి డిస్కు మీద నీళ్లు పోయకండి, వంగిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగకండి, గేరులో వేసి చక్రం కింద రాయి పెట్టి అరగంట వదిలేయండి. పెడల్ మెత్తగా, స్పాంజిలా లోపలికి పోతుంటే మాత్రం ఆయిల్ మరిగిందని అర్థం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను తాగుతుంది. మన బండ్లలో వాడే డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల వరకు ఆగుతుంది, తేమ పట్టాక 155 దగ్గరే మరగవచ్చు. రెండేళ్లకొకసారి మార్చమనేది అందుకే. సెకండ్ హ్యాండ్ బండి కదా, అది చివరిసారి ఎప్పుడు మార్చారో మీకు తెలియదు. ముందు అది మార్పించండి.

మూడోది కూడా ఉంది, ఆ దారి తెలిసినవారికే తడుతుంది. వినుకొండ, మార్కాపురం వైపు కోతల కాలంలో రైతులు కంది కట్టెను రోడ్డు మీద పరుస్తారు, మన చక్రాలే వారికి నూర్పిడి యంత్రాలు. దాని మీదుగా నెమ్మదిగా పోతే పుల్లలు ఇరుసుకూ సైలెన్సర్‌కూ చుట్టుకుంటాయి. కాసేపటికి ఆకుల మంట వాసన వస్తుంది. ఒక జనవరిలో ఆ దారినే వచ్చిన కుటుంబం, వాసన రాగానే ఆగి కిందకు వంగి చూస్తే నిప్పు కణికలు కనిపించాయట. తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ పోసి ఆర్పుకున్నారు. మీరు మొన్న అలాంటి కట్టె మీదుగా వెళ్లారా? గుర్తు తెచ్చుకోండి.

మీరు అడగకపోయినా ఒక పాత తప్పు చెబుతాను. ఇరవై ఏళ్ల క్రితం తణుకు నుంచి ఒక గుడ్ల వ్యాపారి వచ్చారు. బండిలో కుళ్లిన గుడ్డు వాసన. ఇంకేముంది, డిక్కీలో ఎక్కడో గుడ్డు పగిలిందని మా కుర్రవాళ్లు, నేను, చివరికి ఆయన కూడా నమ్మేశాం. రెండుసార్లు డిక్కీ మొత్తం కడిగించి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు ఆయన విసుగ్గా, "మేస్త్రీ, ఖాళీగా నిలబెట్టినప్పుడు రాదు, తణుకు నుంచి ఇక్కడికి వచ్చేసరికి ముక్కు పగిలిపోతోంది" అన్నారు. అప్పుడు బానెట్ ఎత్తాను. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. మీటరు పెడితే దాదాపు 16 వోల్టులు. మామూలుగా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోంది. ఆ వాయువు కుళ్లిన గుడ్డులోంచి వచ్చేదే, హైడ్రోజన్ సల్ఫైడ్. దాంతోపాటు హైడ్రోజన్ కూడా ఊరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. "ఎప్పుడు వస్తోంది?" అని మొదటి రోజే అడిగి ఉంటే ఆయనకు రెండు ప్రయాణాలు తప్పేవి. అప్పటి నుంచి మా షెడ్డులో అదే మొదటి ప్రశ్న.

ఇదే వాసన సైలెన్సర్ నుంచి వస్తే, పెట్రోలు బండిలో ఇంధనం ఎక్కువ పడుతోందనీ, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇబ్బంది పడుతోందనీ అనుకోవాలి. అయితే 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వస్తున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) ఇంధనంలో ఈ వాసనకు మూలమైన గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించదు, అంతకు ముందు బీఎస్-4లో 50 ఉండేది. కాబట్టి ఈ రోజుల్లో కుళ్లిన గుడ్డు వాసనంటే నేను ముందు బ్యాటరీ దగ్గరికే పోతాను.

చేపల వాసన అంటే చాలామంది నమ్మరు. హెడ్‌లైట్ హోల్డర్లు, స్విచ్‌ల ప్లాస్టిక్ అతిగా వేడెక్కినప్పుడు కొన్ని రకాలు అచ్చం ఎండుచేపల వాసన వేస్తాయి. కంపెనీ ఇచ్చిన 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టించుకుంటారు. 5 ఆంపియర్లకు అలవాటు పడిన తీగలో 8కి పైగా పారుతుంది, ఆ భారం స్విచ్ మీద పడకుండా చూసే రిలే పెట్టరు, హోల్డర్ మెల్లగా ఉడుకుతుంది. ఫ్యూజ్ పోతుంటే పెద్ద ఫ్యూజ్ వేసేవారినీ, తీగ ముక్క చుట్టేవారినీ ఏమనాలో నాకు తెలియదు. ఫ్యూజ్ పోవడమే దాని ఉద్యోగం. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే ఆపి, తాళంచెవి తీసి, వీలైతే బ్యాటరీ తీగ విప్పండి. వానాకాలంలో ఎలుకలు తీగలు కొరికినా ఇదే వాసన. అదే ఎలుక బ్లోయర్‌లో దూరి చస్తే వచ్చే వాసన గురించి చెప్పక్కరలేదు, కాకపోతే మొదటి రెండు రోజులు అందరూ ఏసీ ఫిల్టర్‌నే తిడతారు. ఫిల్టర్ తప్పైతే తడి గోనెసంచి వాసన వస్తుంది, ఏసీ వేసిన మొదటి నిమిషంలో ఎక్కువగా ఉండి తరువాత తగ్గుతుంది. ఇంటికి చేరడానికి మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఉత్త బ్లోయర్ నడిపితే కాయిల్ ఆరి, బూజు పట్టడం తగ్గుతుంది.

ఇంజిన్ ఆయిల్ వాసన సాధారణంగా బండి ఆపాక, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు తెలుస్తుంది, నడుస్తున్నప్పుడు గాలి కొట్టుకుపోతుంది. ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడి, చుక్కచుక్కగా వేడి మ్యానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టం) మీద పడుతుంటుంది. చిన్న ఖర్చు, ఆలస్యం చేయకండి.

పెట్రోలు వాసనకు "కొంచెం" అనేది లేదు. ట్యాంకు నింపిన రోజే వచ్చి మరునాటికి పోతే, పంపులో గన్ దానంతట అదే ఆగాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్యి బాబూ" అన్నారేమో గుర్తు చేసుకోండి. ఆ అదనపు పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని తడిపేస్తుంది. రోజూ వస్తుంటే పైపు లీకు. ఆ బండిని స్టార్ట్ చేయకండి, తోసి బయట పెట్టండి. పాత బండ్లలో రబ్బరు పైపులు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, పగుళ్లున్నాయేమో ఏడాదికొకసారి చూపించుకోండి. సీఎన్‌జీ బండి అయితే ఆ దుర్వాసన లీకు తెలియడానికని కావాలనే కలిపింది. తలుపులు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా దిగి, సిలిండర్ వాల్వు మూసేయండి.

సైలెన్సర్ పొగ వాసన లోపలికి వస్తే అన్నిటికన్నా ముందు దాన్నే పట్టించుకోవాలి. చంపేది ఆ వాసన కాదు, దానితో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసనే లేదు. పొగ వాసన ఉన్న బండిలో అద్దాలు మూసి, ఏసీ వేసుకుని నిద్రపోవడం వద్దే వద్దు. మూసిన షెడ్డులో అయితే ఏ బండిలోనూ వద్దు.

కొత్త బీఎస్-6 డీజిల్ వారికి ఒక్క మాట: అప్పుడప్పుడు వేడి ఇనుము వాసన వచ్చి, ఫ్యాను జోరుగా తిరుగుతుంటే భయపడకండి. సైలెన్సర్‌లోని ఫిల్టర్ పట్టిన మసిని 600 డిగ్రీల దగ్గర కాల్చుకుంటోంది. పని పూర్తయ్యే వరకు నడపండి, ఆ సమయంలో ఎండుగడ్డి మీద మాత్రం నిలపకండి. మీ 2016 బండికి చాలావరకు ఈ బాధ ఉండదు.

మీరు చేయాల్సింది చెబుతాను. రేపు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలంట్ సీసా మీద ఉన్న మట్టానికి మార్కర్‌తో గీత పెట్టండి. మూడు రోజులు మామూలుగా నడిపి, మళ్లీ చల్లగా ఉన్నప్పుడే చూడండి. గీత కన్నా దిగి, కార్పెట్ కింద జిడ్డు తగిలితే డ్యాష్‌బోర్డు విప్పించే ముందు ఇంజిన్ గది వెనక గోడలోకి వెళ్లే రెండు పైపుల ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఒక్కోసారి కోర్ బాగానే ఉండి పైపు అతుకు దగ్గర రబ్బరు వాషర్ మాత్రమే పోతుంది. శ్రీశైలంలో వాసన ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అన్నది కూడా రాయండి. క్లచ్ మార్చాలన్న ఆయనకు అప్పటి దాకా అడ్వాన్సు ఇవ్వకండి.